ఆర్పెజియో సాధనలో చెయ్యి నేర్చుకునేది

(పియానో నేర్చుకుంటున్నవారికీ, నేర్పుతున్నవారికీ ఇచ్చిన సోదాహరణ ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒకటి వాయిస్తాను, వినండి.

(కుడిచేత్తో సి మేజర్ ఆర్పెజియో, నాలుగు ఆక్టేవ్‌లు పైకీ కిందికీ వాయించారు.)

ఇందులో ఉన్నవి మూడే స్వరాలు. సి, ఇ, జి. మూడూ కలిపి కార్డ్‌గా ఒక్కసారి నొక్కమంటే కొత్తగా చేరిన పిల్లలు కూడా నొక్కేస్తారు. అదే కార్డ్‌ని విడదీసి, ఒక్కో స్వరం చొప్పున పియానో పొడుగునా తీసుకెళ్లమంటే, అంటే ఆర్పెజియోగా వాయించమంటే, ఏళ్ల తరబడి వాయిస్తున్నవాళ్లు కూడా తడబడతారు. స్కేల్స్, అంటే పక్కపక్క స్వరాలు వరసగా, గలగలా వాయించేవాళ్లకు కూడా ఇక్కడికొచ్చేసరికి నాలుగో స్వరం దగ్గర ఒక కుదుపు వస్తుంది, ఆ కుదుపు వెనకాలే ఒక తప్పు మెట్టు (కీ) పడుతుంది. "వేళ్లకు బలం చాలట్లేదు, ఇంకా గట్టిగా సాధన చెయ్యాలి" అనుకుంటారు. నిజానికి ఆర్పెజియోలో వేళ్లు చేసే పని చాలా తక్కువ. ఒక స్వరం వదిలి ఇంకో స్వరం అందుకునేలోపు, ఆ కాస్త వ్యవధిలో, చెయ్యి కదులుతుంది చూశారా, కష్టమంతా అందులో ఉంది. సాధన చెయ్యాల్సింది ఆ కదలికను. మనమేమో మెట్లు నొక్కడాన్నే పదేపదే సాధన చేస్తూ, కదలికను దాని మానాన దాన్ని వదిలేస్తాం. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొలతలు చూద్దాం, విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పియానో మీద ఒక ఆక్టేవ్ వెడల్పు, అంటే ఒక సి నుంచి పై సి దాకా దూరం, దాదాపు 16.5 సెంటీమీటర్లు. అందులో ఏడు తెల్ల మెట్లు, ఒక్కొక్కటి సుమారు 2.35 సెంటీమీటర్లు. సి మేజర్ స్కేల్‌లో సి, డి, ఇ అని మూడు వేళ్లతో వాయించాక బొటనవేలు ఎఫ్ మీదికి రావాలి. మధ్యవేలు ఇ మీద ఉంది, ఎఫ్ దాని పక్కనే ఉంది. బొటనవేలు కాస్త లోపలికి జరిగితే చాలు. ఆర్పెజియోలో మధ్యవేలు జి మీద ఉంటుంది. బొటనవేలు దిగాల్సిన సి అక్కడి నుంచి మూడు మెట్ల అవతల ఉంటుంది. అంటే ఏడు సెంటీమీటర్ల దూరం. బొటనవేలు బయల్దేరిన సి నుంచి చేరాల్సిన సి దాకా లెక్కేస్తే పూర్తి ఆక్టేవ్.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. మెట్రోనోమ్‌ను (తాళం దెబ్బలు వేసే యంత్రాన్ని) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకు నాలుగు స్వరాలు వాయిస్తే, బొటనవేలికి ఆ 16.5 సెంటీమీటర్లు దాటడానికి ముప్పావు సెకను దొరుకుతుంది. 120 మీద పెడితే అందులో సగమే. స్కేల్‌లో అయితే అదే వేగంలో అదే ఆక్టేవ్ దాటడానికి ఏడు స్వరాల వ్యవధి ఉంటుంది, మధ్యలో బొటనవేలు ఎఫ్ మీద ఒకసారి దిగుతుంది కూడా. ఆర్పెజియోలో మూడు స్వరాల వ్యవధే. చెయ్యి రెట్టింపుకు పైగా వేగంతో పక్కకు జరగాలి. స్కేల్స్ ఎంత బాగా వచ్చినా ఆర్పెజియో దానంతటదే రాకపోవడానికి కారణం ఇదే. అది వేరే నైపుణ్యం.

ఈ దూరం చూసి మనం సాధారణంగా చేసే పని, చేతిని చాచడం. చెయ్యి మొత్తం విప్పేసి, వేళ్లన్నీ దూరం దూరంగా పెట్టుకుని, "ఇలా ఉంచితే అన్నీ అందుతాయి" అనుకుంటాం. దయచేసి అందరూ ఒకసారి కుడిచెయ్యి పైకెత్తండి. వేళ్లు ఎంత దూరం చాచగలిగితే అంత చాచండి. అలాగే ఉంచి, ఒక్కో వేలినీ గబగబా ఆడించండి. కష్టంగా ఉంది కదా? మణికట్టు కింద, ముంజేతి మీద ఎడమచెయ్యి పెట్టి చూడండి, ఎంత బిగుసుకుపోయిందో. ఇప్పుడు చెయ్యి వదులు చెయ్యండి. వేళ్లు వాటంతటవే కాస్త వంగి దగ్గరికొస్తాయి. ఇప్పుడు ఆడించండి. తేడా మీ చేతికే తెలిసింది.

వేలిని కదిలించే కండరాలు వేలిలో ఉండవు. పెద్దవి ముంజేతిలో, చిన్నవి అరచేతిలో ఉంటాయి. ముంజేతి నుంచి స్నాయువులు మణికట్టు గుండా వేళ్ల దాకా వస్తాయి. చెయ్యి చాచి పట్టుకున్నంతసేపూ ఆ కండరాల్లో కొన్ని విరామం లేకుండా పని చేస్తూనే ఉంటాయి. అదే సమయంలో మెట్టు నొక్కమంటే వేలు ఆ బిగువుకు ఎదురు వెళ్లి నొక్కాలి. ఒక నిమిషం వాయించేసరికి ముంజెయ్యి మండుతుంది. దాన్ని బలహీనత అనుకుని ఇంకాస్త సాధన చేస్తే నొప్పి పెరుగుతుంది తప్ప వేగం పెరగదు.

మరి ఏం చెయ్యాలి? విప్పిన చెయ్యి వెంటనే ముడుచుకోవాలి. ఇది మెల్లగా చూపిస్తాను. బొటనవేలితో సి వాయించాను. చూపుడువేలితో ఇ వాయిస్తున్నాను. ఇ మోగిన క్షణంలోనే బొటనవేలు సి ని వదిలేసి చూపుడువేలి దగ్గరికి వచ్చేసింది. సి దగ్గరే ఆగిపోలేదు. మధ్యవేలు జి మీదికి వెళ్లింది. ఇప్పుడు చూడండి, చెయ్యంతా జి చుట్టూ చేరింది, బొటనవేలు మధ్యవేలి కిందికి వచ్చేసింది. నా చెయ్యి ఏ క్షణంలోనూ ఆక్టేవ్ వెడల్పున లేదు. రెండు స్వరాల మధ్య ఎంత కావాలో అంతే విప్పుకుంది, వెంటనే దగ్గరికి వచ్చింది. దూరాన్ని దాటించేది ముంజెయ్యి, పైచెయ్యి. అవి నిలకడగా కుడివైపు సాగుతున్నాయి. వేళ్లు దారిలో ఒక్కో మెట్టునూ పలకరిస్తూ వెళ్తున్నాయి, అంతే.

మనం నడిచేటప్పుడు వెనక పాదం నేలకు అతికించి ముందు కాలు చాచుకుంటూ పోం కదా. ఒంటి బరువు ముందుకు జరుగుతుంది, దాని వెంట వెనక కాలు వచ్చేస్తుంది. ఆర్పెజియోలో చేతికి కావాల్సింది సరిగ్గా ఆ అలవాటే.

ఇక బొటనవేలు. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఆర్పెజియోలో నూటికి తొంభై పాళ్లు చిక్కులు ఇక్కడే.

ఈ వేలికి కీబోర్డ్ మీద ఇంత చోటు దొరికి చాలా కాలమేమీ కాలేదు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్ 1753లో వెలువరించిన బోధనా గ్రంథంలో తండ్రి చెప్పిన మాట ఒకటి రాశారు: తన చిన్నతనంలో పెద్ద పెద్ద విద్వాంసులు కూడా దూరం ఎక్కువైనప్పుడు తప్ప బొటనవేలు వాడేవారు కారని. ఆ తర్వాత బొటనవేలే చేతిని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేర్చే వేలైంది. మిగతా నాలుగు వేళ్లూ మెట్టు మీద నిలువుగా దిగుతాయి. బొటనవేలు పక్కగా, అడ్డంగా ఆనుతుంది. అందుకే దాని శబ్దం సహజంగానే వేరుగా, బరువుగా వస్తుంది. దూరం నుంచి హడావిడిగా వచ్చి పడితే ఇంకా బరువుగా పడుతుంది.

తప్పు ఎలా జరుగుతుందో చూడండి.

(మోచెయ్యి పైకి లేపి, బొటనవేలిని అరచేతి కిందికి తోసి వాయించారు.)

విన్నారా? సి, ఇ, జి, *ధన్*. బొటనవేలిని అరచేతి కింద నుంచి బలవంతంగా తోస్తే మణికట్టు మెలి తిరుగుతుంది, మోచెయ్యి రెక్కలా పైకి లేస్తుంది. బొటనవేలు సి మీద పడేసరికి మోచెయ్యి కూడా కిందికి పడుతుంది. ఆ బరువంతా సి మీదే. ఆ శబ్దం తగ్గించడానికి వేలిని అదుపు చేసి లాభం లేదు. చెయ్యి ముందే అక్కడికి చేరుకుని ఉంటే బొటనవేలు చెయ్యాల్సిన పని ఏమీ మిగలదు, మెత్తగా దిగుతుంది.

మెల్లగా వాయించేటప్పుడు జి ని పట్టుకుని ఉండగానే బొటనవేలు సి ని అందుకోవచ్చు. ఒక స్వరం మరో స్వరంలోకి కలిసిపోతుంది, నిజమైన లెగాటో. వేగం పెరిగే కొద్దీ అది కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు. వేగంలో జి ని వదిలేసి చెయ్యి మొత్తం ఒక్కసారిగా పక్కకు జరిగిపోతుంది. నిక్కచ్చిగా చూస్తే జి కీ సి కీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎవరి చెవికీ అందదు. చెవికి అందేది ఒత్తు. ఒక స్వరం మిగతావాటి కన్నా గట్టిగా మోగితే వరస తెగినట్టు అనిపిస్తుంది. కాబట్టి వేగంగా వాయించేటప్పుడు "కలిసిందా లేదా" అని వెతక్కండి, "సమంగా మోగిందా లేదా" అని వినండి. మెల్లగా చేసే కదలిక, వేగంగా చేసే కదలిక ఒకటి కాదని ఉపాధ్యాయులు పిల్లలకు మొదట్లోనే చెప్పాలని నా అభిప్రాయం. మెల్లగా చేసినదాన్నే వేగం పెంచుకుంటూ పోతే వచ్చేస్తుందని చెబితే వాళ్లు ఒక వేగం దగ్గర ఆగిపోతారు, ఎందుకు ఆగిపోయారో వాళ్లకు అర్థం కాదు.

ఫింగరింగ్, అంటే ఏ స్వరానికి ఏ వేలు అన్నదాని గురించి అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: మూడో వేలా, నాలుగో వేలా? (బొటనవేలు 1, చిటికెనవేలు 5 అని లెక్క.) పుస్తకంలో ఒక చోట 1-2-3 అని, ఇంకో చోట 1-2-4 అని ఉంటుంది. బట్టీ పట్టనక్కర్లేదు. కుడిచేతికి, మూడో స్వరం నుంచి పై ఆక్టేవ్ దాకా ఉన్న దూరం చూడండి. సి-ఇ-జి లో జి నుంచి సి దూరం ఎక్కువ, రెండు చివరలూ కలిపి నాలుగు స్వరాలు, కాబట్టి ఫోర్త్. అక్కడ మూడో వేలు. ఇ-జి-సి అని మొదలుపెడితే సి నుంచి పై ఇ దగ్గర, అలా లెక్కేస్తే మూడు స్వరాలు, థర్డ్ మాత్రమే. అక్కడ నాలుగో వేలు. జి-సి-ఇ లో కూడా అంతే, ఇ నుంచి జి థర్డ్, నాలుగో వేలు. ఎడమచేతికి అద్దంలో చూసినట్టు కింద నుంచి లెక్క: అట్టడుగు స్వరానికీ రెండో స్వరానికీ మధ్య దూరం చూడాలి. సి-ఇ థర్డ్, కాబట్టి 5-4-2-1. జి-సి-ఇ లో జి-సి ఫోర్త్, కాబట్టి 5-3-2-1. డి, ఎ, ఇ మేజర్‌లలో ఎడమచేతికి థర్డ్ అయినా రెండో స్వరం నల్ల మెట్టు మీద పడుతుంది. అక్కడ పొడవైన మూడో వేలు హాయిగా కూర్చుంటుంది, అందుకని 5-3-2-1 వాడతారు. నల్ల మెట్టుతో మొదలయ్యే ఇ-ఫ్లాట్, ఎ-ఫ్లాట్, డి-ఫ్లాట్ మేజర్‌లలో బొటనవేలు తెల్ల మెట్టు కోసం ఆగుతుంది: కుడిచేతికి 2-1-2-4, ఎడమచేతికి 2-1-4-2. మూడు స్వరాలూ నల్ల మెట్లే అయినవి రెండే ఉన్నాయి, ఎఫ్-షార్ప్ మేజర్, ఇ-ఫ్లాట్ మైనర్. వాటిలో బొటనవేలు నల్ల మెట్టు మీదికి వెళ్లక తప్పదు. చెయ్యి కాస్త లోపలికి జరిపి, సి మేజర్‌కు వాడిన వరసే వాడొచ్చు.

దేనితో మొదలుపెట్టాలి? సి మేజర్‌తో వద్దంటాను. కాగితం మీద తేలిక, చేతికి కష్టం. అన్నీ తెల్ల మెట్లు, అంతా చదును, చేతికి ఆనవాలు దొరకదు. పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు స్కేల్స్‌లో బి మేజర్ ముందు నేర్పేవాడు, సి మేజర్‌ను చివరికి ఉంచేవాడు. పొడవైన వేళ్లు ఎత్తుగా ఉన్న నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్ల మెట్ల మీద ఉంటే చెయ్యి సహజమైన ఆకారంలో ఉంటుందన్నది ఆయన ఆలోచన. ఆర్పెజియోలకూ అదే వర్తిస్తుంది. డి మేజర్‌తోనో ఇ మేజర్‌తోనో మొదలుపెట్టండి. మధ్యలో ఒక నల్ల మెట్టు ఉంటుంది, చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. ఆ తర్వాత ఎ-ఫ్లాట్. సి మేజర్‌కు తొందర లేదు.

ఇప్పుడు సాధన ఎలాగో చూద్దాం. డి మేజర్ తీసుకుంటున్నాను.

మొదట విడదీయకుండా కార్డ్‌గా వాయించండి. డి, ఎఫ్-షార్ప్, ఎ మూడూ ఒకేసారి. వదిలేయండి. పై ఆక్టేవ్‌లో అదే కార్డ్. మళ్లీ పైన. వాయించిన వెంటనే చెయ్యి తర్వాతి చోటికి వెళ్లిపోవాలి, వెళ్లి మెట్ల మీద ఆని ఆగాలి. ఆగిన తర్వాతే నొక్కాలి. కార్డ్ మోగడానికీ మోగడానికీ మధ్య మీకు ఎంత సమయమైనా ఉంది, ప్రయాణానికి మాత్రం సమయం తీసుకోవద్దు. చటుక్కున వెళ్లండి, నెమ్మదిగా నొక్కండి. ఇది రెండు నిమిషాలు చేస్తే చేతికి ఆ దూరం గుర్తుండిపోతుంది. చాలామంది ఈ దశ దాటేస్తారు, మరీ తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టి. నా దృష్టిలో మొత్తం సాధనలో విలువైనది ఇదే.

తర్వాత దాటే చోటు ఒక్కటే తీసుకోండి. మధ్యవేలితో ఎ, బొటనవేలితో పై డి, మళ్లీ ఎ, మళ్లీ డి. రెండే స్వరాలు, అటూ ఇటూ. మోచెయ్యి లేవట్లేదు కదా, మణికట్టు మెలి తిరగట్లేదు కదా అని చూసుకోండి. పక్కన అద్దం ఉంటే మంచిది, ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకుంటే ఇంకా మంచిది. బొటనవేలు డి మీద దిగిన క్షణంలో ఆగి చూడండి: చూపుడువేలు ఎఫ్-షార్ప్ మీద, మధ్యవేలు ఎ మీద ఉన్నాయా? ఉంటే చెయ్యి నిజంగా వచ్చేసినట్టు. బొటనవేలు ఒక్కటే వచ్చి మిగతా చెయ్యి ఇంకా వెనకే వేలాడుతుంటే, తర్వాతి స్వరం తప్పిపోవడానికి కారణం దొరికినట్టే. తప్పు మెట్టు పడేది ఎఫ్-షార్ప్ దగ్గరైనా, తప్పు జరిగింది అంతకు ముందున్న డి దగ్గర.

ఆ తర్వాత పూర్తి ఆర్పెజియో. ఇక్కడ లయ గురించి ఒక మాట. దెబ్బకు మూడు స్వరాల చొప్పున వాయిస్తే ప్రతి దెబ్బా బొటనవేలి మీదే పడుతుంది. అసలే బరువైన వేలు, దానికి తాళం కూడా తోడైతే ఒత్తు అలవాటైపోతుంది. అందుకే దెబ్బకు నాలుగు వాయించండి. డి, ఎఫ్-షార్ప్, ఎ, డి. తర్వాతి దెబ్బ ఎఫ్-షార్ప్ మీద మొదలవుతుంది, ఆ తర్వాతది ఎ మీద. అంటే దెబ్బ ఒక్కో వేలి మీదికీ మారుతూ పోతుంది. నాలుగు ఆక్టేవ్‌లకు పన్నెండు స్వరాలు, సరిగ్గా మూడు దెబ్బలు. నాలుగో దెబ్బకు పై డి మీదికి చేరతారు. వినండి.

(మెట్రోనోమ్‌తో వాయించి చూపించారు.)

మొదట దెబ్బ పడే స్వరాన్ని కావాలని కాస్త నొక్కి వాయించండి. మీకే గందరగోళంగా ఉంటుంది, ఎందుకంటే చెయ్యి బొటనవేలి దగ్గర నొక్కాలనుకుంటుంది, తాళం ఇంకో చోట నొక్కమంటుంది. ఆ గందరగోళం సర్దుకున్న రోజు నుంచి బొటనవేలి ఒత్తు తగ్గిపోతుంది.

కుడిచెయ్యి పైకి వెళ్లేటప్పుడూ, ఎడమచెయ్యి కిందికి వచ్చేటప్పుడూ బొటనవేలు వేళ్ల కింద నుంచి దాటుతుంది. తిరుగు దారిలో వేళ్లే బొటనవేలి మీదుగా దాటుతాయి, అది కొంచెం తేలిక. కాబట్టి సమయాన్ని సమంగా పంచకండి, కష్టమైన దిక్కుకు ఎక్కువ ఇవ్వండి. రెండు చేతులూ కలిపేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. సి మేజర్‌లో పైకి వెళ్తుంటే కుడిచెయ్యి జి నుంచి సి కి వెళ్లేటప్పుడు దాటుతుంది. ఎడమచెయ్యి మరుక్షణం, సి నుంచి ఇ కి వెళ్లేటప్పుడు దాటుతుంది. ఒకదాని వెనక ఒకటి. రెండూ ఒకేసారి దాటుతాయనే భ్రమలో ఉంటే రెండు చేతులూ అక్కడే తొట్రుపడతాయి. ఆ మూడు స్వరాలే, జి-సి-ఇ, రెండు చేతులతో అటూ ఇటూ చేయండి. మిగతా దారంతా నునుపే.

పెడల్ (వేలు వదిలాక కూడా స్వరాలను మోగిస్తూ ఉంచేది) వద్దు. పెడల్ తొక్కితే ఆర్పెజియో ఎలా వాయించినా అందంగా వినిపిస్తుంది, అదే ప్రమాదం. కూర్చునే తీరు కూడా గమనించండి. కుడిచెయ్యి మంద్ర స్వరాల దగ్గర మొదలుపెట్టేటప్పుడు మోచెయ్యి పొట్టకు తగులుతుంది. నడుము నుంచి కాస్త ఎడమకు ఒరిగితే దానికి చోటు దొరుకుతుంది. పైకి వెళ్లే కొద్దీ ఒళ్లు కూడా చేతి వెంట రావాలి.

ఇదంతా ఎందుకు అంటారా? సంగీతంలో ఇది ఎక్కడ లేదు కనక! బేతోవెన్ 1801లో రాసిన మూన్‌లైట్ సొనాటా మూడో భాగం తీసుకోండి. కుడిచేతిలో సి-షార్ప్ మైనర్ ఆర్పెజియో కింద నుంచి మెత్తగా లేచి, పైన రెండు కార్డ్‌లుగా పగులుతుంది. బొటనవేలు దాటిన ప్రతిసారీ కుదుపు వస్తే ఆ కార్డ్‌ల దెబ్బకు విలువే ఉండదు. ఆర్పెజియో నున్నగా ఉంటేనే అవి పిడుగులా పడతాయి. షోపాన్ ఓపస్ 10 మొదటి ఎట్యూడ్ (సాధన కోసం రాసిన రచన) చూడండి, సి మేజర్. అచ్చయింది 1833లో. మొదటి గుంపే సి-జి-సి-ఇ, ఆక్టేవ్ దాటి టెన్త్ దాకా. పేజీ చూసి అందరూ చెయ్యి చాచడానికి తయారవుతారు. చాచిపెట్టి వాయిస్తే రెండో పేజీ చేరకముందే చెయ్యి బిగుసుకుపోతుంది. వాయించిన వేలిని వెంటనే వదిలేసి, మణికట్టు పక్కకు జరుపుకుంటూ, చెయ్యి విప్పుతూ ముడుస్తూ వెళ్తే అదే ఎట్యూడ్ చేతికి వ్యాయామంలా హాయిగా ఉంటుంది. అదంతా పైన చెప్పుకున్న డి మేజర్ సాధనలో మొదలయ్యేదే.

మూడు స్వరాల ఆర్పెజియోలు కుదురుకున్నాక డామినెంట్ సెవెన్త్, డిమినిష్డ్ సెవెన్త్ అనే కార్డ్‌ల ఆర్పెజియోలు పట్టుకోండి. నాలుగు స్వరాలు కాబట్టి దూరాలు తగ్గుతాయి, చేతికి నిజానికి ఇవి సులువు. డిమినిష్డ్‌లో ఇంకో లాభం ఉంది: మోగే స్వరాల పరంగా మూడంటే మూడే ఉంటాయి, మిగతావన్నీ వాటి మీద ఇంకో స్వరం నుంచి మొదలుపెట్టినవే.

నొప్పి గురించి చెప్పి ముగిస్తాను. అలసట వేరు, నొప్పి వేరు. ముంజేతిలో మంట, మణికట్టులో పోటు, వేళ్లలో తిమ్మిరి, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపేయాలి. "కాసేపు ఓర్చుకుంటే పోతుంది" అనే మాట పియానో దగ్గర చెల్లదు. రోజూ పది నిమిషాలు శ్రద్ధగా చేసిన ఆర్పెజియోలు చాలు. విశ్రాంతి తీసుకున్నా తిమ్మిరి మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక మీ ప్రశ్నలు.

*మాస్టారూ, నా చెయ్యి చాలా చిన్నది. ఆక్టేవ్ కూడా కష్టం మీద అందుతుంది. నాకు ఇవి వస్తాయంటారా?*

తప్పకుండా వస్తాయమ్మా. సి-ఇ-జి కి చెయ్యి విప్పాల్సింది సి నుంచి జి దాకానే, ఆ తర్వాత చెయ్యే జరుగుతుంది. చాచడం మీద ఆధారపడలేని చిన్న చేతులు జరగడం త్వరగా నేర్చుకుంటాయి. పెద్ద చేతులున్నవాళ్లే చాచి నెట్టుకొస్తూ చాలా కాలం గడిపేస్తారు. స్పెయిన్ పియానో విద్వాంసురాలు అలీసియా దె లరోచా అయిదడుగుల ఎత్తు కూడా ఉండేవారు కాదు, చేతులు చిన్నవి. అయినా ఆమె ఎంతో కష్టమైన రాఖ్మానినోవ్ మూడో పియానో కన్చెర్టో వాయించారు.

*వేగం ఎలా పెంచాలి సార్? మెట్రోనోమ్ రోజుకు రెండు అంకెలు పెంచుకుంటూ వెళ్తున్నాను, ఒక చోట ఆగిపోయింది.*

అంకెలు పెంచడం ఆపండి. కావాల్సిన పూర్తి వేగంలోనే వాయించండి, కానీ నాలుగు స్వరాలే. డి, ఎఫ్-షార్ప్, ఎ, డి. ఆగండి. చెయ్యి వదులుగా ఉందో లేదో చూసుకోండి. తర్వాత ఎఫ్-షార్ప్, ఎ, డి, ఎఫ్-షార్ప్. ఆగండి. ఇలా ముక్కలుగా పూర్తి వేగంలో వచ్చాక రెండేసి ముక్కలు కలపండి. మెల్లగా వాయించే సాధన మానొద్దు, దాని పని చెవికి. వేగం మాత్రం ఈ ముక్కల్లో నుంచే వస్తుంది.

*మా అబ్బాయికి ఇంట్లో 61 మెట్ల కీబోర్డ్ ఉందండీ, పియానో లేదు. దాని మీద ఆర్పెజియోలు సాధన చేస్తే ఉపయోగం ఉంటుందా?*

ఉంటుందండీ. 61 మెట్లంటే అయిదు ఆక్టేవ్‌లు, ఒక చేత్తో నాలుగు ఆక్టేవ్‌లు వాయించడానికి చోటు సరిపోతుంది. రెండు చేతులతో అయితే రెండేసి ఆక్టేవ్‌లు చేయించండి. మెట్లు పియానోలో ఉన్నంత వెడల్పే ఉన్నాయో లేదో కొలిచి చూడండి, కొన్నింటిలో సన్నగా ఉంటాయి, వాటి మీద నేర్చుకున్న దూరం పియానో మీద పనికిరాదు. ఇంకోటి, మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగే సదుపాయం కీబోర్డ్‌లో ఉండాలి. దాన్ని టచ్ రెస్పాన్స్ అంటారు. చాలా కీబోర్డ్‌లలో ఉంటుంది గానీ ఆపేసి ఉండొచ్చు. అది లేకపోతే బొటనవేలు ఎంత గట్టిగా పడ్డా మిగతా వేళ్లతో సమంగానే మోగుతుంది, బాబుకు తన ఒత్తు తనకు వినిపించదు. ఇంటికి వెళ్లగానే ఆ సెట్టింగ్ చూడండి, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, అప్పుడు డి మేజర్ వాయించమనండి.